అంగుళం విలువ

రైలు టికెట్టు తియ్యాలంటే మన ఇళ్ళల్లో ఎన్ని ప్రశ్నలో చూడండి. లోయర్ బెర్తు దొరికిందా? సైడ్ లోయర్ అయితే కాళ్ళు చాపుకోవడానికి ఉండదే! తలుపు పక్కన రాలేదు కదా, రాత్రంతా చప్పుడు. గౌతమిలో లేకపోతే గోదావరిలో చూడరాదూ? డెబ్భై దాటిన పెద్దవాళ్ళు కూడా బోగీలో ఏ నంబరు బెర్తు ఎక్కడొస్తుందో కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. అదే అమెరికా వెళ్ళే విమానం టికెట్టు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా ఎటు పోతుందో తెలీదు. ఎంతయింది, ఎన్ని పెట్టెలు, మధ్యలో ఎక్కడ దిగాలి అని మూడు ముక్కలడిగి ఊరుకుంటాం. పెట్టెల గురించైతే తూకం మిషను పక్కన పెట్టుకుని వారం రోజులు చర్చ. పదహారు గంటలు కూర్చోబోయే కుర్చీ గురించి మాత్రం ఒక్క మాట ఉండదు.

టికెట్టు మీద ఓ మూల, మనం చదవని చిన్న అక్షరాల్లో, అది ఏ రకం విమానమో రాసి ఉంటుంది. బోయింగ్ 777 అనో, ఎయిర్‌బస్ ఎ350 అనో. అదేదో పైలట్ల సంగతి మనకెందుకులే అనుకుంటాం. కాదండీ, అది మన నడుముకీ మోకాళ్ళకీ సంబంధించిన సంగతి. మా ఇంట్లో ఇదంతా నేర్చుకోవాల్సి వచ్చిన కథ ఒకటుంది. అది చెప్పేముందు అసలు లెక్క చెప్తాను, కంగారు పడకండి, కూడికలు తీసివేతలే.

దూరదేశాలు వెళ్ళే పెద్ద విమానాల్లో సాధారణంగా నడిచే దారులు రెండుంటాయి. ఆ దారులకి అటూ ఇటూ మధ్యలో సీట్లు. బోయింగ్ 777 లోపలి వెడల్పు సుమారు 19 అడుగులు. 1995లో ఈ విమానం తిరగడం మొదలుపెట్టినప్పుడు చాలా సంస్థలు ఆ వెడల్పులో వరసకి 9 సీట్లు వేశాయి. తర్వాత్తర్వాత అదే చోటులో పదోది ఇరికించడం మొదలైంది. ఇప్పుడు ఎక్కువ సంస్థల 777ల్లో ఎకానమీ అంటే 3-4-3. కిటికీ దగ్గర మూడు, మధ్యలో నాలుగు, ఆ పక్క మూడు. విమానం పెరగలేదు. కుర్చీ సన్నబడింది, దారీ సన్నబడింది. 18 అంగుళాల పైన ఉండే సీటు 17 దగ్గరికొచ్చి ఆగింది.

పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని చిన్నప్పుడు విన్నాం కదా. ఈ సంస్థల వాళ్ళకి ఆ కథ ఎవరు చెప్పారో గానీ సగమే చెప్పినట్టున్నారు. పుష్పకం ఎక్కేవాళ్ళని బట్టి తనే పెరిగేది. ఇక్కడ విమానం అలాగే ఉంటుంది, తగ్గి సర్దుకోవాల్సింది మనం.

ఒక్క అంగుళానికే ఇంత గొడవా అని మగవాళ్ళు అడిగితే అడగనివ్వండి గానీ, జాకెట్టు కుట్టించుకునే ఆడవాళ్ళెవరూ ఆ ప్రశ్న వెయ్యకూడదు. చంక దగ్గర అర అంగుళం తగ్గితే పెళ్ళిలో వడ్డించడానికి చెయ్యి లేవదు. అంగుళం అన్న మాటే వేలి నుంచి వచ్చింది, సంస్కృతంలో అంగుళి అంటే వేలు. ఆ వేలెడు చోటు తగ్గితే మన భుజం పక్కవాళ్ళ భుజానికి ఆనుతుంది. అరగంటైతే ఫరవాలేదు. రాత్రీ పగలూ భుజాలు ముడుచుకుని కూర్చుంటే మెడ పట్టేస్తుంది.

అలాగని 3-4-3 అన్న అంకె చూసి భయపడిపోకూడదు కూడా. ఎయిర్‌బస్ ఎ380 అని రెండంతస్తుల విమానం ఉంది కదా, దాని కింది అంతస్తులోనూ 3-4-3యే. కానీ అక్కడ లోపలి వెడల్పు 21 అడుగుల పైన. రెండడుగులు ఎక్కువ కాబట్టి అదే పదిమందికీ 18 అంగుళాల సీటు దొరుకుతుంది. పై అంతస్తు కాస్త సన్నగా ఉంటుంది, అక్కడ ఎకానమీ ఉంటే 2-4-2. ఎ350, బోయింగ్ 787 రెండింటిలోనూ ఎక్కువగా 3-3-3. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. కానీ ఎ350 లోపల ఓ అయిదంగుళాలు వెడల్పెక్కువ, కాబట్టి సీటు 18 దగ్గర ఉంటే 787లో 17 పైన కొంచెం. అసలు 787ని తయారుచేసినప్పుడు 2-4-2కి కూడా వీలుగా చేశారు. జపాన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు తమ అంతర్జాతీయ 787ల్లో అలాగే ఎనిమిదే వేసుకున్నారు. మిగతావాళ్ళలో దాదాపు అందరూ తొమ్మిది వేశారు. ఎ330 పాతదైనా మంచిది, 2-4-2, సీటు 18 అంగుళాల దాకా. కాబట్టి వరసకెన్ని అన్నదొక్కటే చూస్తే చాలదు, ఏ విమానంలో వరసకెన్ని అన్నది చూడాలి. గిన్నె ఎంతో తెలియకుండా ఎన్ని గరిటెలు పడతాయంటే ఏం చెప్తాం?

ఇక ముందుకీ వెనక్కీ ఉండే దూరం. దీన్ని పిచ్ అంటారు. మన సీటు మీద ఒక గుర్తు పెట్టి, ముందు సీటు మీద అదే చోట గుర్తు పెట్టి కొలిస్తే వచ్చేది. ఇందులో కుర్చీ మందం కూడా కలిసే ఉంటుంది, కాబట్టి 31 అంటే కాళ్ళకి 31 అంగుళాలు వచ్చేసినట్టు కాదు. మన దేశంలో తిరిగే చవక విమానాల్లో ఇది 28, 29 దగ్గర ఉంటుంది, దూరం వెళ్ళేవాటిలో 31, 32. కుర్చీ వీపు పల్చగా చేస్తే పిచ్ తగ్గినా మోకాలికి చోటు మిగులుతుంది. కానీ మెత్త కూడా పల్చనవుతుంది. ఒకచోట ఇస్తే ఇంకోచోట తీసుకుంటారన్నమాట.

ఇప్పుడు మా కథ. 2017లో మా ఆడపడుచుకి రెండో కాన్పు. మావయ్యగారు, అత్తయ్యగారు డాలస్ బయలుదేరారు. అత్తయ్యగారికి అప్పటికే మోకాళ్ళు అరిగాయి. అందుకని మావారు మూడు నెలల ముందే టికెట్లు తీసి, డబ్బు కట్టి పక్కపక్కన రెండు సీట్లు ఎంచి పెట్టారు. ఒకటి దారి పక్కది అత్తయ్యగారికి, దాని పక్కది మావయ్యగారికి. గల్ఫ్ దాకా నాలుగు గంటలు బాగానే గడిచింది. అక్కణ్ణుంచి పదహారు గంటల ప్రయాణానికి మాత్రం విమానం మారిపోయింది. ముందు చెప్పిన రకం కాకుండా ఇంకో రకం తెచ్చి పెట్టారు. మేం డబ్బు కట్టిన సీటు నంబర్లు ఆ విమానంలో ఇంకెక్కడో ఉన్నాయి, వాటిలో అప్పటికే వేరేవాళ్ళున్నారు. వీళ్ళిద్దరికీ మిషను ఏది ఇస్తే అదే. అత్తయ్యగారికి మధ్య నలుగురిలో మధ్య సీటు. మావయ్యగారికి ఆరు వరసల వెనక, అదీ మధ్యదే. అడిగితే సిస్టమ్ ఇచ్చిందమ్మా అన్నారట. డబ్బు తర్వాత వెనక్కిచ్చారు. ఆ పదహారు గంటలు ఎవరిస్తారు?

అత్తయ్యగారికి అటూ ఇటూ ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరూ దీపాలార్పగానే నిద్రపోయారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. లేపి, సైగ చేసి, వాళ్ళ కాళ్ళ మీదుగా దాటుకుని బాత్రూముకి వెళ్ళడం ఆవిడ వల్ల కాలేదు. అందుకని ఒక ఉపాయం చేశారు, నీళ్ళు తాగడం మానేశారు. ఇది మన ఆడవాళ్ళు బస్సుల కాలం నుంచీ చేస్తున్న ఉపాయమే కదా. మావయ్యగారు రెండు మూడుసార్లు వచ్చి దారిలో నిలబడి "ఎలా ఉంది?" అని అడిగారట. "బాగానే ఉంది, మీరెళ్ళి కూర్చోండి" అని ఈవిడ. సీటు బెల్టు దీపం వెలగ్గానే ఆయన్ని పంపేశారు. దిగేసరికి ఆవిడ పాదాలు పొంగి చెప్పులు పట్టలేదు. మావయ్యగారి మేజోళ్ళు తొడుక్కుని చక్రాల కుర్చీలో బయటికొచ్చారు. మనవణ్ణి చూడ్డానికి వెళ్ళిన మనిషి మూడు రోజులు కాళ్ళు దిండ్ల మీద పెట్టుకుని పడుకున్నారు.

అక్కడి డాక్టరు అదృష్టమే అన్నారట. నాలుగు గంటల పైన కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం నెమ్మదిస్తుంది. పెద్ద వయసు, లావు, ఈమధ్య ఆపరేషను అయినవాళ్ళు, కాన్పుకి దగ్గర్లో ఉన్నవాళ్ళు, వీళ్ళకి కాలి నరంలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. అత్తయ్యగారికి వాపుతో పోయింది. కానీ తిరిగొచ్చాక ఆవిడ ఒకటే మాట. "పిల్లల్ని చూడాలంటే వాళ్ళనే రమ్మను. నేనింక ఆ పంజరం ఎక్కను."

ఆ తర్వాత ఏడాదిన్నరకి మావయ్యగారు పోయారు. ఆడపడుచు వచ్చి పన్నెండు రోజులు ఉండి వెళ్ళింది. అంతే, మళ్ళీ రాలేకపోయింది. ఒకసారి కరోనా, ఒకసారి వీసా స్టాంపింగు తేదీ దొరక్క, ఒకసారి ఉద్యోగం మారడం. ఇంతలో వాళ్ళ పెద్దమ్మాయికి పన్నెండేళ్ళొచ్చాయి, ఓణీల వేడుక పెట్టుకున్నారు. "వదినా, అమ్మని ఎలాగైనా తీసుకురా. నువ్వు కూడా వస్తే అమ్మ కాదనదు" అని ఫోను. అత్తయ్యగారేమో "వీడియోలో చూస్తాలే అమ్మాయ్" అన్నారు. అన్నారుగానీ, మనవరాలి కోసం ఎప్పుడో కొని దాచిన పట్టు పరికిణీ బీరువాలోంచి తీసి, చూసి, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టడం నేను చూశాను. ఆవిడకి డెబ్భై నాలుగు. ఇంకో అయిదేళ్ళ తర్వాత వెళ్దాం అనే వయసు కాదు.

అప్పుడు కూర్చున్నాను నేను. పరీక్షలకి కూడా అంత చదివినట్టు లేను. విమానం లోపలి పటాలు చూపించే సైట్లున్నాయి, ఏ సంస్థ ఏ విమానంలో సీట్లెలా వేసిందో బొమ్మ గీసి ఉంటుంది. పిల్లాడి పాత నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయాను.

మొదట తేల్చుకున్నది దారి. గల్ఫ్ మీదుగా అయితే నాలుగు, పదహారు. ఐరోపా మీదుగా అయితే రమారమి పది, పది. మొత్తం ఇంచుమించు అంతే. కానీ మోకాలికి మొత్తంతో పని లేదు, ఒక్క బిగిన ఎంతసేపు వంచి పెట్టామన్నదే లెక్క. పదిగంటల తర్వాత దిగి మూడు గంటలు అటూ ఇటూ నడిచి మళ్ళీ ఎక్కొచ్చు. ఇరవై అయిదు కేజీల బియ్యం బస్తా ఒకేసారి ఎత్తడం వేరు, రెండు సంచుల్లో వేసి తేవడం వేరు.

రెండోది విమానంలో గాలి. ఇది నాకు కొత్తగా తెలిసింది. ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తులో బయట గాలి పల్చన కాబట్టి లోపల గాలి నింపుతారు. అలాగని నేల మీద ఉన్నంత నింపరు. పాతరకం అల్యూమినియం విమానాల్లో అది 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉండొచ్చు. అంటే ఊటీ కంటే ఎత్తు. 787, ఎ350ల ఒళ్ళు కార్బన్ ఫైబరుతో చేసింది. అది ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది, తేమకి తుప్పు పట్టదు. కాబట్టి లోపల 6,000 అడుగుల దగ్గర ఉంచగలరు, గాలిలో కాస్త తేమ కూడా ఉంచగలరు. తలనొప్పి, గొంతు ఎండిపోవడం తగ్గుతాయి. సీటు వెడల్పులో 787 వెనకబడినా ఇందులో ముందుంది. ఏదీ అన్నింట్లో మంచిదని ఉండదు, మనకేది ముఖ్యమో చూసుకోవాలి.

మూడోది కూర్చునే చోటు. పల్లెవెలుగు బస్సులో వెనక సీటు కూర్చున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గుంత వస్తే మధ్యలో వాళ్ళు ఊగుతారు, వెనకవాళ్ళు ఎగురుతారు. విమానమూ అంతే. రెక్కల దగ్గర కుదుపు తక్కువ తెలుస్తుంది, తోక దగ్గర ఎక్కువ. చప్పుడు మాత్రం ఇంజన్లకి ముందున్నవాళ్ళకి తక్కువ, వెనకున్నవాళ్ళకి ఎక్కువ. చిట్టచివరి వరస చాలావాటిలో వెనక్కి వాలదు. పైగా బాత్రూముల ముందు వరస, వంటగది దీపాలు. అత్తయ్యగారికి బాత్రూము దగ్గరగా ఉండాలి, పక్కనే ఉండకూడదు. మూడు నాలుగు వరసల దూరం అని రాసుకున్నాను.

"ఎమర్జెన్సీ తలుపు దగ్గర సీటు తీసుకోండి, కాళ్ళు బార్లా చాపుకోవచ్చు" అని సలహా ఇచ్చినవాళ్ళు అరడజను మంది. నిజమే, చోటు బోలెడు. కానీ అక్కడ కూర్చున్నవాళ్ళు అవసరమైతే తలుపు తియ్యగలగాలి. అందుకని ముసలివాళ్ళని, పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని అక్కడ కూర్చోనివ్వరు. ఎవరికి ఎక్కువ చోటు కావాలో వాళ్ళకి అది దక్కదు. గోడకి ఎదురుగా ఉండే మొదటి వరసా మంచిదంటారు. అక్కడ ముందు సీటు లేదు కాబట్టి భోజనం బల్ల చేతి ఊతంలో దాచి ఉంటుంది. దానివల్ల ఆ ఊతం పైకి లేవదు, సీటు వెడల్పు కూడా కాస్త తింటుంది. చంటిపిల్లల ఉయ్యాలలు తగిలించేదీ ఆ గోడకే. పసివాళ్ళ ఏడుపుకి మనం విసుక్కోం గానీ నిద్ర మాత్రం పోతుంది.

చేతి ఊతం అన్నాను కదా, అన్నిటికంటే నాకు పనికొచ్చిన సంగతి అదే. దారి పక్క సీటుకి దారివైపు ఉండే చేతి ఊతం కదలదని అందరం అనుకుంటాం. చాలా విమానాల్లో దాని అడుగున, వెనక కీలు దగ్గర, చిన్న మీట ఉంటుంది. వేలితో తడిమి నొక్కితే ఊతం పైకి లేస్తుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి పక్కకి తిరిగి, రెండు కాళ్ళూ దారిలోకి పెట్టి, మంచం మీంచి లేచినట్టు లేవొచ్చు. ఇంకోటి, కొన్ని సీట్ల కింద సినిమా తెరలకి సంబంధించిన పెట్టె ఉంటుంది, ఒక కాలికి చోటుండదు. ఆ సీట్లు పటంలో గుర్తు పెట్టి ఉంటే తప్పించుకోవచ్చు.

ఇంత రాసుకున్నాక చివరికి కుదిరింది ఇది: హైదరాబాదు నుంచి ఐరోపా దాకా 787, అక్కణ్ణుంచి డాలస్‌కి ఎ380, పై అంతస్తులో రెండు సీట్ల జత. చవకదాని కంటే ఇద్దరికీ కలిపి పద్నాలుగు వేలు ఎక్కువైంది. "సీటుకి ఇంత పెట్టాలా?" అన్నారు మావారు. "అదనపు పెట్టెలో ఆవకాయ పంపడానికి ఇంతకంటే ఎక్కువ కట్టాం" అన్నాను. మళ్ళీ మాట్లాడలేదు.

అత్తయ్యగారు రాజమండ్రి నుంచి హైదరాబాదు రావడం కూడా ఈసారి విమానంలోనే పెట్టాను, అలవాటుగా ఉంటుందని. అది ఎటిఆర్, పంకాల విమానం. అందులో వరసకి 2-2. మధ్య సీటన్నదే లేదు. రెక్క నెత్తి మీద ఉంటుంది కాబట్టి ఏ కిటికీలోంచి చూసినా నేల కనిపిస్తుంది. పైన సామాను అర చిన్నది, చప్పుడు ఎక్కువ, కానీ గంట ప్రయాణానికి హాయి. మధురపూడిలో లేవగానే గోదావరి కనిపించిందట. "ఇలాంటిదైతే ఎక్కడికైనా వస్తాను" అన్నారు దిగి. అమెరికా దాకా ఇది వెళ్ళదని చెప్పాను. మనకి ఎక్కువగా తగిలే జెట్ విమానాలు ఎ320, బోయింగ్ 737. రెండింట్లోనూ 3-3యే, లోపలి వెడల్పు మాత్రం ఎ320కి ఓ ఆరంగుళాలు ఎక్కువ. ఆరుగురికి ఆరంగుళాలు, తలా ఒకటి.

ప్రయాణం రోజు 787లో ఆవిడని దారి పక్కన కూర్చోబెట్టి నేను మధ్య సీటు తీసుకున్నాను. మీట నొక్కి ఊతం లేపితే "ఇది అప్పుడూ ఉండే ఉంటుందంటావా?" అని అడిగారు. ఉండే ఉంటుంది, కానీ అప్పుడు ఆవిడది దారి పక్క సీటు కాదు కదా. కిటికీకి తెర లేదు, మీట నొక్కితే అద్దమే నీలంగా మారి నల్లబడుతుంది, అది చూసి చాలాసేపు నవ్వుకున్నారు. గంటన్నరకోసారి లేపి వెనక దాకా నడిపించాను. నీళ్ళు అడక్కుండానే చేతికిచ్చాను. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించడం, పాదాలు తిప్పడం. డాక్టరు చెప్పిన బిగుతు మేజోళ్ళు ముందే తొడిగాను. సీటు ఇరుకే, నా భుజం కిటికీ పక్కమ్మాయికి తగులుతూనే ఉంది. కానీ దిగేసరికి అత్తయ్యగారికి తలనొప్పి లేదు, గొంతు ఎండలేదు. అది గాలి మహిమో, నేను తాగించిన నీళ్ళ మహిమో చెప్పలేను.

ఎ380 ఎక్కడానికి మెట్లుంటాయేమో అని ఆవిడ భయం. వంతెన నేరుగా పై అంతస్తుకే ఉంది. "మేడ మీద కూర్చున్నాం అన్నమాట" అన్నారు. రెండు సీట్లు, మధ్యలోకి ఎవరూ రారు. పై అంతస్తులో గోడ లోపలికి వంగి ఉంటుంది, ఆ వంపు కింద కిటికీ పక్కన మూత ఉన్న అర ఒకటి. మందుల డబ్బా, కళ్ళజోడు, సహస్రనామాల పుస్తకం, పులిహోర డబ్బా అన్నీ అందులో సర్దాను. నిశ్శబ్దంగా ఉంది, ఇంత పెద్దది ఎప్పుడు నేల వదిలిందో తెలియలేదు. భోజనాలయ్యాక కిటికీ దగ్గర కూర్చుంటానని ఆవిడే అడిగితే మారాం. బయట మబ్బులు తప్ప ఏమీ లేవు. చాలాసేపు చూసి, నావైపు తిరక్కుండానే, "ఆరోజు ఇలా రెండే సీట్లు దొరికుంటే ఆయన ఇక్కడ కూర్చునేవారు. నాకు కబుర్లు చెప్పేవారు" అన్నారు. వాళ్ళిద్దరూ కలిసి చేసిన ఆ ఒక్క విమాన ప్రయాణంలో ఆరు వరసల దూరాన కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో ఆయన ముందే వచ్చేశారు, ఈవిడ కాన్పు పనులన్నీ చూసి వేరేవాళ్ళ తోడుతో వచ్చారు. నాకేం అనాలో తోచక నీళ్ళ సీసా ఇచ్చాను. తీసుకుని తాగారు.

డాలస్‌లో తన చెప్పులతో తను నడుచుకుంటూ బయటికొచ్చారు. పాదాలు కొంచెం వాచాయి, మర్నాటికి తగ్గింది. ఓణీల రోజున మనవరాలికి పట్టు పరికిణీ కుచ్చిళ్ళు ఆవిడే సర్దారు, నేల మీద కాదు, కుర్చీ వేసుకుని.

ఇదంతా చదివి విమాన సంస్థలంతా దుర్మార్గులని అనుకోనక్కర్లేదు. మనం టికెట్టు వెతికేటప్పుడు మొదట చూసేది తక్కువ ధర. ఆ పట్టీలో పైన కనిపించాలంటే వాళ్ళు పదో సీటు వెయ్యాలి. అమెరికాలో 2018లో చేసిన ఒక చట్టం, సీటు ఇంతకంటే తగ్గకూడదని కొలతలు పెట్టమని అక్కడి విమానయాన శాఖకి చెప్పింది. 2022లో ఆ శాఖ జనం అభిప్రాయాలు అడిగింది కూడా. అక్కడ చూసేది సుఖం కాదు, ప్రమాదం వస్తే సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలన్న నియమం. మోకాళ్ళ నొప్పులున్న డెబ్భై నాలుగేళ్ళ మనిషి నలుగురి మధ్యలోంచి లేచి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఎవరైనా అడిగితే చెప్తాను.

అమ్మానాన్నల్ని పంపేవాళ్ళు ఇవైనా చూసుకోండి. టికెట్టు కొనేముందే విమానం రకం చూడండి, తర్వాత కాదు. ఇద్దరు వెళ్తుంటే 2-4-2 ఉన్నది వెతకండి. 777యే అయితే చాలావాటిలో తోక దగ్గర ఒళ్ళు సన్నబడే చోట కొన్ని వరసలు 2-4-2 ఉంటాయి. కుదుపు కాస్త ఎక్కువ, కానీ మూడో మనిషి ఉండడు. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి, విమానం మారిందేమో, సీటు నంబర్లు అలాగే ఉన్నాయో లేదో చూడండి. మారితే అప్పటికింకా ఫోను చేసి అడగడానికి వ్యవధి ఉంటుంది. పెద్దవాళ్ళకి దారి పక్క సీటు ఇప్పించండి, ఆ మీట ఎక్కడుంటుందో ఇంట్లో కుర్చీ మీద చూపించి పంపండి. మేజోళ్ళ సంగతి, రక్తం పల్చన చేసే మందుల సంగతి డాక్టరుని అడిగాకే.

మొన్న మా పక్క పోర్షను వాళ్ళమ్మగారు కొడుకు దగ్గరికి వెళ్తున్నానని చెప్పడానికి వచ్చారు. ఎన్ని పెట్టెలో, ఏం పచ్చళ్ళో చెప్తున్నారు. అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ విని, "అవన్నీ సరే వదినగారూ, ఏ విమానం?" అని అడిగారు. ఆవిడకి తెలీదు. "అబ్బాయినడిగి చెప్పండి, మా కోడలి దగ్గర పుస్తకం ఉంది. ఇంకోమాట, నీళ్ళు మాత్రం తాగడం మానకండి" అన్నారు.